బ్రేకు లెక్క మిల్లీమీటర్లలో

మాచర్లలోనో గురజాలలోనో కారున్న మనిషికి ఆ ఫోను కొత్తేమీ కాదు. పొద్దున్నే బయల్దేరి, వంద కిలోమీటర్లు అటూ ఇటుగా ప్రయాణం చేసి, గుంటూరు షోరూంలో బండి సర్వీసుకిచ్చి, ఊళ్ళో ఏదో పని చూసుకుంటూ ఉంటాడు. పన్నెండు దాటాక సర్వీస్ అడ్వైజరు ఫోను. "సార్, ముందు బ్రేక్ ప్యాడ్లు అయిపోయాయి. డిస్కులకు గీతలు పడ్డాయి, స్కిమ్మింగ్ చేయాలి. వెనక షూలు కూడా మార్చేస్తే మంచిది. బ్రేక్ ఆయిల్ నల్లబడింది. చేసేయమంటారా?" అవతల బండి లిఫ్టు మీద ఉంది. ఇవతలి మనిషి ప్యాడ్‌ని ఎన్నడూ చేత్తో పట్టుకుని చూసిన పాపాన పోలేదు. పైగా పిల్లలు తిరిగే బండి. "సరే, చేసేయండి" అంటాడు.

ఏసీ గురించో సీటు కవర్ల గురించో అయితే ఈ మనిషే అరగంట బేరమాడతాడు. బ్రేకు అనేసరికి నోరు పెగలదు. ఆ భయంలో న్యాయముంది. అమ్మకం తేలికయ్యేదీ ఆ భయం వల్లే.

ఈ భయం మీద వ్యాపారం ఎలా సాగుతుందో అధికారికంగా బయటపడిన కేసు 1992 నాటిది. అమెరికాలో సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థకు దేశమంతా కార్ల రిపేరు కేంద్రాలుండేవి. వాటి మీద ఫిర్యాదులు పెరగడంతో కాలిఫోర్నియా ప్రభుత్వ ఆటోమోటివ్ రిపేర్ బ్యూరో అధికారులు మారువేషం కట్టారు. బ్రేకులు కావాలనే అరగదీసి, మిగతా భాగాలన్నీ బాగున్న కార్లను మామూలు కస్టమర్లలా తీసుకెళ్ళి అప్పగించారు. ఇలా 38 సార్లు వెళితే 34 సార్లు అవసరం లేని పని చేసి డబ్బు వసూలు చేశారు. సగటున ఒక్కో బండికి అదనంగా పడింది 223 డాలర్లు. ఆ జూన్‌లో కేసు బయటపడి దేశమంతా గోలయింది.

ఆ గోలలో తేలిన అసలు సంగతి మనకు కావాలి. అక్కడి మెకానిక్కులందరూ దొంగలేమీ కారు. రోజుకి ఇన్ని బ్రేకు పనులు, ఇన్ని షాక్ అబ్జార్బర్లు అమ్మాలని అడ్వైజర్లకు కోటాలుండేవి, అమ్మిన దాని మీద కమీషన్ ఉండేది. ఆ జీతాల పద్ధతే తప్పులకు చోటిచ్చిందని సంస్థ అధిపతి ఎడ్వర్డ్ బ్రెన్నన్ స్వయంగా ఒప్పుకున్నాడు. అడ్వైజర్లకు కమీషన్ ఎత్తేశారు, కస్టమర్లకు కూపన్లు పంచారు. మన దగ్గర కూడా సర్వీస్ సెంటర్లలో నెలవారీ టార్గెట్లుంటాయన్నది ఎవరికీ తెలియని రహస్యం కాదు. ఫోన్లో మాట్లాడే అడ్వైజరు చాలాసార్లు ఆ ప్యాడ్‌ని కళ్ళతో చూసి ఉండడు. జాబ్ కార్డు మీద మెకానిక్ రాసింది చదువుతాడు, దానికి తన టార్గెట్ కలుపుతాడు.

పల్నాడులో ఎక్కువ కార్లు షోరూం మొహం చూసేది వారంటీ ఉన్నంత కాలమే. ఆ తర్వాత నరసరావుపేటలోనో పిడుగురాళ్ళలోనో తెలిసిన మెకానిక్ షెడ్డుకు చేరతాయి. అక్కడ కథ తిరగబడుతుంది. మెకానిక్‌కి ఎదుటి మనిషి జేబు తెలుసు, ఆ ఏడు మిర్చి ధర తెలుసు. "ఏం కాదులే బాబాయ్, ఇంకో నెల లాగిద్ది" అంటాడు. ఆ నెల మూడు నెలలవుతుంది. అక్కర్లేని పని చేయించుకుంటే పోయేది డబ్బు. కావలసిన పని ఆపుకుంటే పోయేదేమిటో చెప్పనక్కర్లేదు. కాబట్టి షోరూం మాటనూ షెడ్డు మాటనూ ఒకే కొలబద్దతో చూడాలి. బ్రేకుల విషయంలో అదృష్టం ఏమిటంటే ఆ కొలబద్ద నిజంగానే ఉంది. చాలా భాగాల మీద ఎంతవరకు అరగవచ్చో తయారీదారే అంకె పోసి పంపుతాడు.

ముందు చక్రాల సంగతి చూద్దాం. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుము డిస్కును క్యాలిపర్ రెండు వైపుల నుంచీ రెండు ప్యాడ్లతో నొక్కి పడుతుంది. ప్యాడ్‌లో వెనక ఇనుప పలక, దాని మీద రాపిడి పదార్థం ఉంటాయి. పెన్సిలు రబ్బరులాగా ఆ పదార్థం ఉన్నదే అరగడానికి. చాలా కార్లలో కొత్తప్పుడు దాని మందం 10 నుంచి 12 మిల్లీమీటర్లు. 3 మి.మీ.కి వచ్చేసరికి మార్చెయ్యాలన్నది వాడుకలో ఉన్న లెక్క. కొన్ని కంపెనీల మాన్యువళ్ళు 2 మి.మీ. దాకా ఒప్పుకుంటాయి. స్కేలు లేకపోతే రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోవచ్చు. ఇప్పుడు చలామణిలో ఉన్న రూపాయి బిళ్ళ మందం ఒకటిన్నర మి.మీ.కి కాస్త తక్కువ. రెండూ కలిస్తే దాదాపు 3. ఇక్కడొక మోసానికి వీలుంది. వెనకున్న ఇనుప పలక మందం కూడా నాలుగైదు మి.మీ. ఉంటుంది. ఎవరైనా పలకతో కలిపి కొలిచి "ఇంకా బోలెడుంది" అన్నా, పదార్థాన్ని మాత్రమే చూసి సగం ఉన్నప్పుడే "అయిపోయింది" అన్నా నష్టపోయేది బండివాడే.

అందువల్ల ఆ ఫోనుకి జవాబుగా "చేసేయండి" అనే ముందు అడగాల్సింది ఒక్కటే: ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది? కుడివైపు ఎంత, ఎడమవైపు ఎంత, లోపలి ప్యాడ్ ఎంత, బయటి ప్యాడ్ ఎంత? స్కేలు ఆనించి వాట్సాప్‌లో ఫోటో పెట్టమనండి. కొలిచినవాడికి ఇది రెండు నిమిషాల పని. కొలవనివాడు తడుముకుంటాడు, అక్కడే సంగతి తెలిసిపోతుంది.

అంకె చేతికొచ్చాక లెక్క చిన్నదే. ఒక కారు 30,000 కిలోమీటర్లు తిరిగింది, 11 మి.మీ. ప్యాడ్ 6 మి.మీ.కి వచ్చింది అనుకుందాం. అంటే 5 మి.మీ. అరగడానికి 30,000 పట్టింది, ఒక్కో మి.మీ.కి 6,000 కిలోమీటర్లు. 3 మి.మీ. గీత దాకా ఇంకా 18,000 ఉంది. తర్వాతి సర్వీసు 10,000కి వస్తుంది కాబట్టి ఇప్పుడు మార్చడం శుద్ధ దండగ. అదే కారులో 4 మి.మీ. మిగిలితే? సుమారు నాలుగు వేల మూడు వందల కిలోమీటర్లలో గీత తగులుతుంది, తర్వాతి సర్వీసు దాకా ఆగదు. ప్యాడ్ ఇంకా గీతకు రాకపోయినా, వంద కిలోమీటర్ల దూరం నుంచి వచ్చినవాడికి "ఇప్పుడే మార్చుకోండి సార్" అన్న అడ్వైజరు మాట న్యాయమైనదే. ఊళ్ళోనే షెడ్డున్నవాడు మాత్రం ఇంకో నాలుగు వేలు నిశ్చింతగా తిరగొచ్చు. ఒకే ప్యాడ్, ఒకే అంకె, ఇద్దరికీ రెండు సరైన జవాబులు.

ప్యాడ్ల ఆయుష్షు ఇన్ని కిలోమీటర్లని ఎవరైనా ఖచ్చితంగా చెబితే నమ్మనక్కర్లేదు. చిలకలూరిపేట దగ్గర 16వ నంబరు జాతీయ రహదారెక్కి విజయవాడకూ ఒంగోలుకూ తిరిగే బండికీ, నరసరావుపేట బజార్లలో ఆటోల మధ్య రోజంతా అడుగడుగునా బ్రేకు తొక్కే బండికీ పోలికే లేదు. ఒకే మోడలు అయినా ఒకదానివి 60,000 దాటుతాయి, ఇంకోదానివి 25,000కే చేతులెత్తేస్తాయి.

లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ విడివిడిగా అడగమన్నది ఊరికే కాదు. అల్లాయ్ చక్రం సందుల్లోంచి సెల్‌ఫోన్ టార్చి వేసి చూస్తే బయటి ప్యాడ్ కనిపిస్తుంది. లోపలిది కనపడదు. తరచూ ముందు అరిగేది అదే. రెంటికీ తేడా 2 మి.మీ. దాటితే క్యాలిపర్ జారే పిన్నులు పట్టేశాయని అనుమానించాలి. బురద, సున్నపు దుమ్ము, ఎండిపోయిన గ్రీజు కలిసి చేసే పని అది. పిన్నులు తీసి శుభ్రం చేసి, వేడికి తట్టుకునే గ్రీజు పెట్టకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే ఒకవైపు అరుగుదలకు పోతాయి. మెకానిక్ చెప్పాల్సి ఉండి చెప్పకుండా వదిలేసే రిపేరు ఇది. పెద్దగా డబ్బు రాని పని కనుక బిల్లులో అరుదుగా కనిపిస్తుంది.

"డిస్కులకు గీతలు పడ్డాయి" అన్నది అబద్ధమేమీ కాదు. తిరిగే ప్రతి డిస్కు మీదా గీతలుంటాయి. గోరు పెట్టి లాగితే గోరు పట్టుకునేంత లోతు గాడులుంటే ఆలోచించాలి, సన్నటి గీతలు మామూలే. డిస్కు మారాలా వద్దా అనేది తేల్చే అంకె డిస్కు మీదే ఉంటుంది. అంచునో మధ్యనున్న టోపీ లాంటి భాగం మీదో ఇంగ్లీషులో 'మిన్ టీహెచ్' అని పోసి పక్కనే మి.మీ. రాసి ఉంటుంది. అంతకన్నా పలచబడితే డిస్కు పనికిరాదని అర్థం. ముందు చక్రాల గాలి ఆడే డిస్కుల్లో సాధారణంగా కొత్త మందానికీ ఈ కనిష్ఠానికీ తేడా 2 మి.మీ. అటూ ఇటూ. కొలవడానికి మైక్రోమీటర్ కావాలి. మామూలు వెర్నియర్‌తో కొలిస్తే అంచున అరగకుండా మిగిలిన గట్టు అడ్డుపడి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

స్కిమ్మింగ్ అంటే లేతు మీద డిస్కు ముఖాన్ని పలచగా చెక్కి నునుపు చేయడం. చెక్కిన కొద్దీ ఆ 2 మి.మీ. కరిగిపోతుంది. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ స్కిమ్మింగ్ చేయాలన్న నియమం ఎక్కడా లేదు. అది కావాల్సిన లక్షణం వేరు: 80 దాటిన వేగంలో బ్రేకు తొక్కితే పెడల్ కింద దడదడా కొట్టుకుంటుంది, స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు మందం చుట్టూ ఒకేలా లేకపోతే ఇలా అవుతుంది. బ్రేకు తొక్కకుండానే స్టీరింగ్ వణికితే అది వీల్ బ్యాలెన్సింగ్ లేదా టైరు సంగతి, దానికి డిస్కులు చెక్కి లాభం లేదు. ఇంకో సందర్భంలో కూడా పెడల్ గడగడలాడుతుంది. వానలో గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్ పని చేస్తుంటే కాలికి అలాగే తెలుస్తుంది. మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్ళకూ, 2019 ఏప్రిల్ నుంచి అప్పటికే మార్కెట్లో ఉన్న మోడళ్ళకూ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. పాత బండి నుంచి కొత్త బండికి మారినవాళ్ళు మొదటిసారి ఆ గడగడకి భయపడి షెడ్డుకు పరిగెత్తిన సందర్భాలు మెకానిక్కులు నవ్వుతూ చెబుతారు. అలాగే పసుపు రంగు ఏబీఎస్ దీపం వెలిగితే ప్యాడ్లు అయిపోయినట్టు కాదు. ఎక్కువసార్లు చక్రం దగ్గరి సెన్సార్‌కో దాని వైరుకో బురద పట్టి ఉంటుంది. ఎర్ర దీపం మాత్రం వేరు. హ్యాండ్ బ్రేక్ దించినా అది ఆరకపోతే బండి పక్కకు తీసి బ్రేక్ ఆయిల్ చూడాలి.

వెనక చక్రాలకు చాలా చిన్న కార్లలో ఇప్పటికీ డ్రమ్ములే. బ్రేకు తొక్కగానే బరువు ముందుకు ఒరుగుతుంది కనుక ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. అందుకే వెనక షూలు, షెడ్డు భాషలో లైనర్లు, చాలా నిదానంగా అరుగుతాయి. ముందు ప్యాడ్లు పోయాయి కనుక వెనకవి కూడా మార్చేద్దామన్న మాటకు ఆధారం లేదు. డ్రమ్ము విప్పి కొలిస్తేనే తెలుస్తుంది. డ్రమ్ము లోపల కూడా 'మ్యాక్స్ డయా' అని గరిష్ఠ వ్యాసం పోసి ఉంటుంది. డిస్కు పలచబడుతుంది, డ్రమ్ము వెడల్పవుతుంది. ఆ అంకె దాటిన డ్రమ్మును మళ్ళీ లేతు మీద చెక్కి బిగించడం షెడ్లలో కనిపించే ప్రమాదకరమైన పొదుపు. హ్యాండ్ బ్రేకు వదులైందని షూలు మార్చమంటే కూడా ముందు అడ్జస్ట్‌మెంట్ చేయించి చూడడం మంచిది.

అయితే ఒక విషయంలో మెకానిక్ మాట వినాల్సిందే. ఒక చక్రం ప్యాడ్లే అరిగినా రెండు ముందు చక్రాలవీ కలిపి మార్చమంటాడు. అది అమ్మకం కోసం చెప్పే మాట కాదు. ఒకవైపు కొత్తవి, మరోవైపు పాతవి ఉంటే గట్టిగా తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగేస్తుంది. జత అంటే అడ్డంగా, ఎడమా కుడీ. ముందూ వెనకా జత కాదు.

బ్రేక్ ఆయిల్ దగ్గర పల్నాడులో ఒక నమ్మకం ఉంది. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా పేరున్నవి, ఆ వేడికి ఆయిల్ చెడిపోతుందని అనుకుంటారు. ఎండ వేడి 47 డిగ్రీలకు పోయినా బ్రేక్ ఆయిల్‌కి అది లెక్కలోనిది కాదు. డాట్ 3 రకం కొత్తప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర, డాట్ 4 రకం 230 దగ్గర మరుగుతాయని ప్రమాణం. దాన్ని చెడగొట్టేది తేమ. ఈ ద్రవం రబ్బరు గొట్టాల గుండా కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీటి శాతం 3.7కి చేరేసరికి డాట్ 3 మరిగే ఉష్ణోగ్రత 140 డిగ్రీలకు, డాట్ 4ది 155కి పడిపోతుంది. బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు ఆ ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు.

అందుకే చాలా కంపెనీలు బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చమంటాయి. "నల్లబడింది" అని అడ్వైజరు చెప్పేది సరైన కారణం కాదు, రంగు చూసి నీటి శాతం చెప్పలేరు. పెన్నులా ఉండే టెస్టర్‌ని డబ్బాలో ముంచితే దీపాలతో చూపిస్తుంది. ధర వందల్లోనే ఉండే ఆ పరికరం లేని షెడ్డు ఎందుకుండాలో తెలియదు. టెస్టర్ లేకపోతే మార్చిన తేదీ చూసుకోవడమే. రెండేళ్ళు దాటితే మార్చేయడం, దాటకపోతే అడగడం. నెలల తరబడి కదలకుండా షెడ్లో ఉండే ఎన్నారై కుటుంబాల కార్లకు ఇది మరీ ముఖ్యం. ప్యాడ్లు కొత్తగా మెరుస్తుంటాయి, ఆయిల్ మాత్రం నాలుగేళ్ళ నాటిది.

ఈ తేడా తెలిసొచ్చేది కొండ దిగేటప్పుడు. కోటప్పకొండకు గుడి దాకా ఘాట్ రోడ్డుంది. మాచర్ల నుంచి యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళితే దానికి పదింతల ఘాట్ పని చెబుతుంది. 1,200 కిలోల కారును 80 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే దాదాపు 3 లక్షల జౌళ్ళ శక్తి వేడిగా మారుతుంది. అదే కారు ఏ కొండ మీది నుంచైనా 200 మీటర్ల ఎత్తు కిందికి దిగితే, వేగం పెరగకుండా మొత్తం భారం బ్రేకుల మీదే వేస్తే, అలాంటి ఎనిమిది ఆపుడుల వేడిని అవి మింగాలి. అదీ మధ్యలో చల్లారే వ్యవధి లేకుండా. రెండో గేరులో దిగితే ఆ భారంలో చాలా వాటా ఇంజన్ మోస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగిల్చాననుకునేవాళ్ళు ప్యాడ్ల మీద అప్పు చేస్తున్నారు.

కోటప్పకొండ తిరునాళ్ళ నుంచి దిగాక చక్రాల దగ్గర మాడు వాసన వస్తే వెంటనే "ప్యాడ్లు కాలిపోయాయి, మార్చాలి" అనే మెకానిక్ ఉంటాడు. వాసన వచ్చినంత మాత్రాన ప్యాడ్లు పోయినట్టు కాదు. చల్లారాక విప్పి చూడాలి. పైన గాజులా మెరుస్తుంటే కాస్త ఎమెరీ కాగితంతో రుద్దితే సరిపోవచ్చు. పదార్థం పగిలినా, పెచ్చులూడినా, ఆయిలో గ్రీజో తగిలినా మార్చాల్సిందే.

చప్పుళ్ళ విషయంలో చెవే మొదటి మెకానిక్. రాత్రి వాన కురిస్తే పొద్దున మొదటి నాలుగైదు బ్రేకులకు డిస్కు గరగరమంటుంది. పోత ఇనుము మీద పట్టిన పలచటి తుప్పు అది, ఊరు దాటేలోపు పోతుంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దారిలోనూ సిమెంటు లారీల వెనకా తిరిగే బండ్లకు దుమ్ముతో కీచుమనడం మామూలే, శుభ్రం చేస్తే తగ్గుతుంది. ఇక్కడి దుమ్ముకి ఏడాదికోసారి బ్రేకులు విప్పి శుభ్రం చేయించడం దండగ కాదు కానీ, ప్రతి సర్వీసు బిల్లులోనూ 'బ్రేక్ క్లీనింగ్' పడుతుంటే నిజంగా చక్రం విప్పారా అని అడగాల్సిందే. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు నాలుక ఉంటుంది. పదార్థం 2 మి.మీ. దగ్గరకు వచ్చేసరికి అది డిస్కుకు రాసుకుని, బండి నడుస్తుండగానే సన్నగా కీచుమంటూ ఉంటుంది. బ్రేకు తొక్కితే ఒక్కోసారి ఆగుతుంది కూడా. ఆ కీచు వినిపిస్తే మార్చుకోవడానికి ఇంకా కొద్ది రోజులు టైముంది. ఇనుము ఇనుముకు రాసుకున్న గరగర వినిపిస్తే టైము అయిపోయింది, ఆ బండితో ఇంకో ఊరు వెళ్ళకూడదు.

ఖరీదైన మాటలు రెండున్నాయి, బూస్టర్, మాస్టర్ సిలిండర్. వీటిని ఇంటి ముందే పరీక్షించుకోవచ్చు. ఇంజన్ ఆపి, పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కితే గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగిందంటే బూస్టర్ పని చేస్తున్నట్టే. ఏమాత్రం దిగకపోతే బూస్టరో దానికి వెళ్ళే వాక్యూమ్ గొట్టమో చూడాలి. ముందు గొట్టం చూడమనండి, అది చవక. తర్వాత ఇంజన్ నడుస్తుండగానే పెడల్‌ని నిలకడగా ఒక నిమిషం తొక్కి ఉంచాలి. అది నెమ్మదిగా నేలకు జారిపోతుంటే, బయట ఎక్కడా లీకు లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపల రబ్బర్లు పోయినట్టు. మెత్తగా స్పాంజిలా ఉండి, రెండోసారి తొక్కితే గట్టిపడితే లైన్లో గాలి చేరింది. గాలి తీస్తే సరిపోతుంది, కానీ గాలి ఎలా దూరిందో కూడా తేలాలి. ఏ చక్రం లోపలి వైపైనా తడి కనిపిస్తే ఇక బేరం లేదు. బ్రేక్ ఆయిల్ లీకును వాయిదా వేయమనే మెకానిక్ మాట ఎంత చనువుగా చెప్పినా వినకూడదు.

బానెట్ కింద ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గినంత మాత్రాన లీకు అనుకోనక్కర్లేదు. ప్యాడ్లు అరిగిన కొద్దీ క్యాలిపర్ పిస్టన్లు బయటికి వస్తాయి, ఆ చోటు నింపడానికి డబ్బాలోని ద్రవం కిందికి పోతుంది. అంటే ఆ మట్టం ప్యాడ్ల అరుగుదల చెప్పే మీటరు. ప్రతిసారీ దాన్ని పైదాకా నింపి పంపే కుర్రాడు మంచి చేశాననుకుంటాడు, ఆ మీటరును చెరిపేస్తున్నానని అనుకోడు.

ఇక పార్టుల ధర. షోరూంలో 'జెన్యూన్', బయట 'లోకల్' అనే రెండే రకాలు లేవు. కార్ల కంపెనీలు ప్యాడ్లు సొంతంగా చేసుకోవు. 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా, 1964లో మొదలైన రాణే బ్రేక్ లైనింగ్ లాంటి చెన్నై సంస్థలు కార్ల కంపెనీలకూ సరఫరా చేస్తాయి, తమ పేరుతో బజారులోనూ అమ్ముతాయి. విజయవాడ జవహర్ ఆటోనగర్ నుంచి పల్నాడు షెడ్లకు వచ్చే పెట్టెల్లో ఇవీ ఉంటాయి, వీటి పేరు పెట్టుకున్న నకిలీలూ ఉంటాయి. ఒకప్పుడు బయటి షెడ్లకు అసలు పార్టులే దొరకనివ్వలేదన్న ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి రెండున్నర వేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, పరీక్ష పరికరాలు స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేశారన్నది అభియోగం. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. షెడ్డు మెకానిక్ ఏ పార్టు వేశాడో తెలియాలంటే ఖాళీ పెట్టె, పాత ప్యాడ్లు రెండూ అడిగి తీసుకోవాలి.

బిల్లు లేకుండా వంద తగ్గిస్తానంటే ఆ వంద ఖరీదైనది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్నే అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే కాబట్టి పాత 28 శాతం రేటు వేసిన బిల్లు కనిపిస్తే నిలదీయొచ్చు. వివాదం ముదిరితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వెళ్ళాలి, సర్వీస్ సెంటర్ ఏ జిల్లాలో ఉన్నా తానున్న చోటే కేసు వేసుకునే హక్కు కొత్త చట్టం ఇచ్చింది. ఆ కేసులో మాట్లాడేవి జాబ్ కార్డు, బిల్లు, కవరులో దాచిన పాత ప్యాడ్లు. 7 మి.మీ. మందమున్న పాత ప్యాడ్ బల్ల మీద పెడితే అవతలివాళ్ళు సమాధానం వెతుక్కోవాలి.

ప్యాడ్లు నిజంగానే మార్చాల్సి వచ్చి మార్చారనుకుందాం. బండి కదిలించే ముందు పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కాలి. కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్లను వెనక్కి నొక్కి ఉంటారు కనుక మొదటి తొక్కుకి పెడల్ నేలకు తగులుతుంది. గట్టిపడ్డాకే గేరు వెయ్యాలి. మొదటి 200, 300 కిలోమీటర్లు ప్యాడ్లు డిస్కుకు సర్దుకునే కాలం. ఆ వారం ఘాట్ ప్రయాణాలు, గట్టి బ్రేకులు మానుకుని, మధ్యస్థ వేగం నుంచి మెల్లగా ఆపుకుంటూ పోవాలి. పిస్టన్లు వెనక్కి వెళ్ళడంతో డబ్బాలో ఆయిల్ మట్టం పై గీత దగ్గరకు వచ్చి ఉంటుంది. నెల తర్వాత బానెట్ ఎత్తి చూసినప్పుడు అది కింది గీత వైపు జారి ఉంటే అరుగుదల అంత తొందరగా ఉండదు, అది లీకే. బండిని అదే షెడ్డుకు, అదే బిల్లుతో, తిరిగి తీసుకెళ్ళాలి.